సైంధవ శబ్దార్థ విచారం

కొన్ని మాటలు ఒక ఊరి పేరు నుండో, ఒక దేశం పేరు నుండో పుట్టి, క్రమంగా పుట్టినింటికి దూరమై, పలుచోట్ల పలు అర్థాలతో వ్యవహారంలో నిలుస్తాయి. అటువంటి వాటిలో ‘సైంధవ’ శబ్దం ఒకటి. వంటయింట్లో అది ఉప్పు. సేనలో అది గుర్రం. మహాభారతంలో అది ఒక రాజు. ఉపనిషత్తులో అది ఆత్మతత్త్వానికి దృష్టాంతం. నేటి వార్తాపత్రికలలో అది మంచిపనికి అడ్డుపడే మనిషి. ఒకే మాటకు ఇన్ని అర్థాలు ఎలా కలిగాయి, ఏ చోట ఏ అర్థాన్ని గ్రహించాలి అన్న విషయాన్ని ఈ మాసం విచారిద్దాం.

ఈ విచారానికి ఒక కారణం ఉన్నది. ఒక ఏకాదశినాడు భారత ప్రవచనం ముగిసిన తరువాత ఒక గృహిణి వచ్చి, «శాస్త్రిగారూ, ద్రౌపదమ్మవారిని ఎత్తుకుపోయిన ఆ సైంధవుడి పేరుగల ఉప్పును ఉపవాసంనాడు ఎలా వాడుకొంటామండీ? దేవుడికి నివేదన చేయవచ్చునా?» అని అడిగింది. చుట్టూ ఉన్నవారు నవ్వారు గాని, ఆమె అడిగినదానిలో నవ్వవలసినది ఏమీ లేదు. మాట ఒకటే అయినప్పుడు వస్తువుల నడుమ సంబంధం ఉన్నదని అనుకోవడం సహజం. ఆ సంబంధం ఎంతవరకు ఉన్నదో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవడమే శబ్దార్థ విచారం.

పుట్టుక

మూలపదం ‘సింధు’. ప్రవహించడమనే అర్థంగల ‘స్యంద్’ ధాతువు నుండి ఇది ఏర్పడిందని పెద్దలు చెబుతారు. అమరసింహుడు నానార్థవర్గంలో ఈ పదాన్ని చెబుతూ, దేశం, ఆ పేరుగల నదం, సముద్రం అనే అర్థాలలో పుంలింగమనీ, సామాన్యంగా నది అనే అర్థంలో స్త్రీలింగమనీ నిర్ణయించాడు. అంటే మూలపదమే అనేకార్థకం. స్వామిని ‘కరుణాసింధూ’ అని పిలిచినప్పుడు సింధువు సముద్రం. లక్ష్మీదేవిని ‘సింధుకన్య’ అన్నప్పుడూ సముద్రమే. కలశపూజలో గంగా యమునా గోదావరీ సరస్వతీ నర్మదా కావేరులతో పాటు సింధువును ఆవాహన చేసినప్పుడు అది నది. ‘సింధురాజు’ అన్నప్పుడు ఆ నదీతీరంలోని దేశం.

ఈ ‘సింధు’ శబ్దానికి ‘అణ్’ అనే తద్ధిత ప్రత్యయం చేరినప్పుడు మొదటి అచ్చుకు వృద్ధి కలిగి ‘సిం’ అన్నది ‘సైం’ అవుతుంది. చివరి ఉకారానికి గుణం వచ్చి, అది ‘అవ్’గా మారి ‘సైంధవ’ అని సిద్ధిస్తుంది. సింధువుకు సంబంధించినది, సింధువునందు పుట్టినది అని అర్థం. విదేహదేశపు ఆడపడుచు వైదేహి, కేకయరాజు కూతురు కైకేయి, గాంధారదేశం నుండి వచ్చినది గాంధారి, పాంచాలరాజు కూతురు పాంచాలి. ఇవన్నీ ఇటువంటి పదాలే. ఇతిహాసాలలోని స్త్రీల పేర్లు అనేకం నిజానికి వారి పుట్టినింటి పేర్లు.

పాణిని మహర్షి ఈ విషయంలో ఒక సూక్ష్మాన్ని కూడా చూపించాడు. మనుష్యుని గాని, మనుష్యునియందుండే నవ్వు, మాటతీరు మొదలైన వాటిని గాని చెప్పేటప్పుడు ‘సైంధవక’ అని వేరొక రూపాన్ని విధించాడు. ఆ దేశస్థుని నవ్వును, పలుకును, సిగముడిని కాశికావృత్తి ఇందుకు ఉదాహరణలుగా ఇచ్చింది. పూర్వులు నివసించిన చోటును చెప్పవలసినప్పుడు మాత్రం మనుష్యునికి కూడా ‘సైంధవ’ అనే రూపమే వస్తుంది. ఒక దేశంలో పుట్టిన వస్తువును, ఆ దేశపు మనిషిని ఒకే తీరుగా చూడరాదన్న వివేకం మన వ్యాకరణంలోనే ఉన్నదని దీనివలన తెలుస్తున్నది.

లవణం

అమరకోశం వైశ్యవర్గంలో సైంధవాన్ని లవణ విశేషంగా చెప్పి, శీతశివం, మాణిమంథం, సింధుజం అనే పర్యాయపదాలను ఇచ్చింది. వీనిలో మాణిమంథమన్నది కూడా స్థలనామం నుండి వచ్చిందే. మణిమంథమనే పర్వతంలో పుట్టినది కనుక దానికి ఆ పేరు. ఆయుర్వేదంలో సైంధవం, సౌవర్చలం, విడం, ఔద్భిదం, సాముద్రం అని పంచలవణాలు ప్రసిద్ధం. వీనిలో సైంధవమే శ్రేష్ఠమని చరకసంహిత చెప్పింది.

ఈ ఉప్పు గనులలో రాళ్ళుగా దొరుకుతుంది. సింధునదికి, నేడు జీలం అని పిలువబడుతున్న వితస్తానదికి నడుమనున్న కొండలలో ఉప్పు గనులున్నాయి. వాటిలో పేరుపొందిన ఖేవ్రా గని ఇప్పుడు పాకిస్తాన్ దేశపు పంజాబులో ఉన్నది. ఆ రాళ్ళు కూడా కోట్ల సంవత్సరాల క్రిందట సముద్రజలం ఎండిపోగా మిగిలిన ఉప్పే. అందుచేత ‘సింధుజం’ అన్న మాట దేశపరంగానూ నిజం, సముద్రపరంగానూ నిజం.

ఇక్కడ వ్యవహార విషయం ఒకటి చెప్పాలి. ఉపవాస దినాలలో సముద్రపు ఉప్పు మాని సైంధవలవణం వాడే ఆచారం అనేక గృహాలలో ఉన్నది. ఎవరి ఇంటి పెద్దల ఆచారాన్ని వారు పాటించవచ్చు. కాని పేరు వేరైనంత మాత్రాన అది ఉప్పు కాకుండా పోదు. రక్తపోటు ఉన్నవారు ఇది వేరే ఉప్పు కదా అని ఎక్కువగా వేసుకొనరాదు. గని ఉప్పులో అయోడిన్ ప్రత్యేకంగా కలిపితే తప్ప చాలినంత ఉండదు గనుక నిత్యం దానినే వాడేవారు వైద్యులను అడిగి తెలుసుకోవాలి.

అశ్వం

అమరకోశమే క్షత్రియవర్గంలో అశ్వ పర్యాయాలను చెబుతూ హయ, గంధర్వ శబ్దాల వరుసలో ‘సైంధవ’ శబ్దాన్ని కూడా చేర్చింది. దీనికి కారణం ఆ దేశపు గుర్రాల ప్రఖ్యాతి. ఋగ్వేదం 10వ మండలంలోని నదీసూక్తం సింధునదిని మంచి గుర్రాలు, మంచి రథాలు, మంచి వస్త్రాలు, ఉన్ని, బంగారం కలదిగా స్తుతించింది. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో గుర్రాలను ఉత్తమ, మధ్యమ, అధమములుగా విభజించి, కాంభోజ, ఆరట్ట, వనాయు దేశాల గుర్రాలతో పాటు సైంధవాలను ఉత్తమాలలో లెక్కించాడు. ప్రక్కనే ఉన్న సౌవీరదేశపు గుర్రాలను మధ్యమాలలో చేర్చాడు.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. సింధుదేశంలో బట్టలు పుట్టాయి, ఉన్ని పుట్టింది, బంగారం ఉన్నది. వ్యుత్పత్తిని బట్టి అవన్నీ సైంధవాలే కావాలి. మరి విశేషణంగా కాక ఒంటరిగా ‘సైంధవం’ అన్నప్పుడు ఉప్పు, గుర్రమే ఎందుకు తోస్తాయి? దీనికి శాస్త్రకారుల సమాధానం రూఢి. బురదలో పుట్టేవి ఎన్నో ఉన్నా ‘పంకజం’ అన్నప్పుడు తామరపువ్వే స్ఫురిస్తుంది. అవయవార్థం ఒక ఎత్తు, లోకవ్యవహారం నిలబెట్టిన అర్థం ఒక ఎత్తు. ధాతువును, ప్రత్యయాన్ని విడదీసినంత మాత్రాన అర్థం చేతికి చిక్కదు.

ప్రకరణం

అలా రూఢి అయిన అర్థాలు రెండున్నప్పుడు నిర్ణయం ఎలా? పాఠశాలలో మేము మొదట నేర్చుకొన్న ఉదాహరణలలో ఇది ఒకటి. యజమాని సేవకునితో «సైంధవం తీసుకొని రా» అన్నాడు. ఆ సమయంలో యజమాని విస్తరిముందు కూర్చుని ఉంటే ఉప్పు తేవాలి. ప్రయాణానికి సిద్ధమై వాకిట నిలుచుని ఉంటే గుర్రం తేవాలి. భోజనశాలలోకి గుర్రాన్ని తోలుకొనివచ్చినవాడు గాని, ప్రయాణ సమయంలో ఉప్పుగల్లు తెచ్చి ఇచ్చినవాడు గాని నిఘంటువు ప్రకారం తప్పు చేయలేదు. కాని చెప్పినవాని తాత్పర్యాన్ని గ్రహించలేదు. న్యాయసిద్ధాంతముక్తావళిలో విశ్వనాథ పంచాననుడు తాత్పర్యజ్ఞానం లేనిదే వాక్యార్థం తెలియదని స్థాపించడానికి ఈ ఉదాహరణనే గ్రహించాడు.

అనేకార్థక శబ్దానికి అర్థాన్ని నిర్ణయించే సాధనాలను భర్తృహరి వాక్యపదీయంలో వరుసగా చెప్పాడు. సంయోగం, వియోగం, సాహచర్యం, విరోధం, ప్రయోజనం, ప్రకరణం, చిహ్నం, ప్రక్కనున్న మరొక శబ్దం, సామర్థ్యం, ఔచిత్యం, దేశం, కాలం, లింగం, స్వరం మొదలైనవి అవి. ‘హరి’ అన్న మాటకు విష్ణువు, ఇంద్రుడు, సింహం, కోతి, గుర్రం మొదలైన అర్థాలున్నాయి. శంఖచక్రాలతో కూడిన హరి అన్నప్పుడు సంయోగం చేత విష్ణువే. ‘రామలక్ష్మణులు’ అన్నప్పుడు సాహచర్యం చేత దశరథరాముడు. ‘రామార్జునులు’ అని విరోధులను జతచేసి చెప్పినప్పుడు పరశురాముడు, కార్తవీర్యార్జునుడు. ‘సైంధవం’ విషయంలో నిర్ణాయకం ప్రకరణం, అంటే సందర్భం.

ఇది పండితుల గోష్ఠికి మాత్రమే పనికివచ్చే విషయం కాదు. «వాడు భోజనం చేయకుండానే వెళ్ళిపోయాడు» అని ఒక తల్లి కొడుకు ఆకలిని తలచుకొని అంటుంది. అదే మాటను మరొకరు కోడలి చెవిని వేస్తే, వండిపెట్టలేదన్న నింద అవుతుంది. మాట మారలేదు, ప్రకరణం మారింది. సెల్‌ఫోనులో వచ్చిన ఒక్క వాక్యాన్ని పట్టుకొని సంవత్సరాల తరబడి మాటలు మానుకొన్న అన్నదమ్ములు ఉన్నారు. సేవకుడు భోజనశాలలోకి గుర్రాన్ని తెచ్చిన కథకు మనం నవ్వుతాం. మనం నిత్యం చేసేది చాలాసార్లు అదే.

ఉపనిషత్తులో సైంధవం

ఈ సూత్రంతో శ్రుతిని చూద్దాం. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యమహర్షి సన్న్యాసానికి సిద్ధమై మైత్రేయికి చేసిన ఉపదేశం 2వ అధ్యాయంలోనూ, 4వ అధ్యాయంలోనూ రెండుసార్లు వస్తుంది. మొదటి చోట సైంధవఖండాన్ని నీటిలో వేస్తే అది కరిగిపోతుందని, దానిని మళ్ళీ పైకి తీయడం సాధ్యం కాదని, ఆ నీటిని ఎక్కడ రుచి చూసినా ఉప్పగానే ఉంటుందని మహర్షి చెప్పాడు. రెండవ చోట సైంధవఘనానికి లోపల ఒక రుచి, వెలుపల ఒక రుచి లేక అంతా ఒకే రసమైనట్లు ఆత్మ అంతా ప్రజ్ఞానఘనమేనని చెప్పాడు.

ఇక్కడ గుర్రమనే అర్థానికి అవకాశం లేదన్నది స్పష్టం. అయితే శంకరభగవత్పాదులు భాష్యంలో ఇంకొక అడుగు ముందుకు వేశారు. ఇక్కడ ‘సింధు’ శబ్దానికి దేశమని గాక జలమని అర్థం చెప్పారు. ప్రవహిస్తుంది గనుక జలం సింధువు, ఆ జలం నుండి ఏర్పడినది సైంధవం. ఇలా ఎందుకు చెప్పారు? దృష్టాంతం యొక్క ప్రాణం అక్కడే ఉన్నది. ఉప్పుగల్లు ఏ నీటినుండి గడ్డకట్టిందో ఆ నీటిలోనే కరిగి, తన వేరైన ఆకారాన్ని విడిచిపెడుతున్నది. జీవుడు కూడా తన మూలమైన పరమాత్మయందు ఉపాధివలన కలిగిన వేర్పాటును విడిచిపెడతాడు. ‘సింధుదేశపు ఉప్పు’ అని మాత్రమే అర్థం చెప్పుకొంటే, అది పుట్టినచోటికే తిరిగి చేరుతున్నదన్న భావం దక్కదు. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతువునకు ఉప్పునీటి దృష్టాంతాన్నే చూపించాడు గాని అక్కడ శ్రుతి వాడిన మాట ‘లవణం’. అక్కడ చెప్పదలచినది కనబడకుండా అంతటా ఉండడం. బృహదారణ్యకంలో చెప్పదలచినది మూలంలో లయం కావడం. అందుకు తగిన మాట ‘సైంధవం’.

జయద్రథుడు

ఇప్పుడు మొదటి సందేహానికి వద్దాం. సింధు సౌవీర దేశాలకు రాజు జయద్రథుడు, కౌరవుల ఏకైక సోదరి దుస్సల భర్త. కామ్యకవనంలో పాండవులు లేని సమయంలో ద్రౌపదిని బలాత్కారంగా తీసుకొనిపోయి పట్టుబడ్డాడు. భీముడు అతని తలను అయిదు శిఖలు మిగిల్చి గొరిగాడు. దుస్సలను, గాంధారిని తలచుకొని ధర్మరాజు అతనిని ప్రాణాలతో విడిపించాడు. ఆ అవమానంతో జయద్రథుడు శివుని గూర్చి తపస్సు చేసి, అర్జునుడు తప్ప తక్కిన పాండవులను యుద్ధంలో నిలువరించే వరం పొందాడు. భారతయుద్ధం 13వ నాడు అభిమన్యుడు వ్యూహంలో ప్రవేశించినప్పుడు వెనుక వస్తున్న నలుగురు పాండవులను అడ్డగించాడు. ఒంటరియైన బాలుడు హతుడయ్యాడు. అర్జునుడు ప్రతిజ్ఞచేసి మరునాడు జయద్రథుని వధించాడు. మొదటి ఘట్టాన్ని అరణ్యపర్వశేషంలో ఎఱ్ఱాప్రగడ, రెండవ ఘట్టాన్ని ద్రోణపర్వంలో తిక్కన సోమయాజి తెలుగువారికి అందించారు.

ఆ అడ్డగింపు మన జనుల మనస్సులో ఎంతగా నాటుకొన్నదంటే, పెండ్లికో, ఊరి చెరువు బాగుచేతకో అడ్డుపడేవానిని చూసి «సైంధవుడిలా అడ్డుపడ్డాడు» అంటాం. పత్రికలు ‘సైంధవ పాత్ర’ అని వ్రాస్తాయి. ఇది తెలుగు వ్యవహారంలో రూఢమైన ప్రయోగం. దానిలో దోషం లేదు. కాని అది ఒక వ్యక్తి చేసిన ఒక పనిని గుర్తుచేసే మాటయే గాని, ఆ దేశపు పేరుకు వచ్చిన అర్థం కాదు. కనుక ఆ గృహిణికి చెప్పిన సమాధానం ఇది: «అమ్మా, ఉప్పుకు జయద్రథుని పేరు పెట్టలేదు. ఉప్పుకూ, గుర్రానికీ, ఆ రాజుకూ కూడా సింధువు పేరే వచ్చింది. ఒక తల్లికి నలుగురు బిడ్డలున్నప్పుడు ఒకడు చేసిన పాపం తోబుట్టువులకు అంటదు. నిశ్చింతగా నివేదన చేసుకో.»

ఈ మాటకు మహాభారతమే సాక్ష్యం. యుద్ధం ముగిసిన తరువాత అశ్వమేధయాగాశ్వం వెంట అర్జునుడు సింధుదేశానికి వెళ్ళాడు. తమ రాజును చంపినవాడని అక్కడివారు అతనితో పోరాడారు. వారిని వ్యాసమహర్షి ‘సైంధవులు’ అనే పిలిచాడు. అప్పుడు దుస్సల తన మనుమడైన పసివానిని వెంటబెట్టుకొని రథంపై రణభూమికి వచ్చింది. ఆమె కొడుకు సురథుడు అర్జునుడు వచ్చాడన్న వార్త వినగానే ప్రాణాలు విడిచాడు. ఆమెను చూసి అర్జునుడు గాండీవాన్ని దించివేశాడు. ఆమె దుఃఖాన్ని విని, ఓదార్చి, కౌగిలించుకొని ఇంటికి పంపించాడు. అభిమన్యుని కోల్పోయిన తండ్రికే సైంధవుడు వేరు, సైంధవులు వేరు అన్న వివేకం ఉన్నది. ఏకవచనంలోని దోషాన్ని అతడు బహువచనానికి అంటగట్టలేదు.

సింధువు, హిందువు

మనం ఆ వివేకాన్ని ఎంతవరకు పాటిస్తున్నాం? పెండ్లిసంబంధం మాటలాడేటప్పుడు «ఆ జిల్లావాళ్ళంతా అంతే» అంటాం. ఒక ఊరిలో ఒకడు మోసం చేస్తే ఆ ఊరి పేరునే తిట్టుగా వాడుకొంటాం. అలా అనేవారు ‘సింధు’ శబ్దం యొక్క మరొక ప్రయాణాన్ని కూడా తెలుసుకోవాలి. మన సకారం ప్రాచీన పారసీక భాషలలో హకారంగా పలుకబడేది. వేదంలోని ‘సప్తసింధు’ అవెస్తా గ్రంథంలో ‘హప్తహెందు’ అయింది. పారసీక చక్రవర్తి డరయస్ శాసనాలలో సింధుప్రాంతం ‘హిందుష్’ అని పేర్కొనబడింది. ఆ మాటనుండే కాలక్రమంలో ‘హిందూ’ శబ్దం వచ్చింది. గ్రీకులు ఆ నదిని ‘ఇండోస్’ అన్నారు, దాని నుండి ‘ఇండియా’ వచ్చింది. అంటే ‘హిందువు’, ‘సైంధవుడు’ అన్న రెండు మాటలూ ఒకే నది పేరునుండి వెలువడినవే. గోదావరీ కృష్ణా తీరాలలో పుట్టిన మనం కూడా లోకానికి సింధువు పేరుతోనే పరిచయమయ్యాం. ఆ పేరు మన జాతీయగీతంలో ఉన్నది, ప్రతిదినం కలశోదకంలో ఉన్నది.

కనుక పాఠకులకు నా మనవి. పురాణంలో గాని, స్తోత్రంలో గాని, ఇరుగుపొరుగువారి నోట గాని ఒక మాట వినబడినప్పుడు, అది ఎక్కడ పుట్టింది, ఇక్కడ ఏ ప్రకరణంలో వచ్చింది, పలికినవారి తాత్పర్యమేమిటి అని మూడు ప్రశ్నలు వేసుకొనండి. మొదటిది తెలియకపోయినా కొంత నష్టమే. రెండవది, మూడవది తెలియకపోతే శాస్త్రం అపార్థమవుతుంది, ఇల్లు కలహనిలయమవుతుంది. వాగ్దేవి అనుగ్రహం వలన మనం వినే ప్రతి మాటలోనూ సదర్థమే స్ఫురించుగాక.

స్వస్తి.